తెలుగులో బ్లాగు ఎక్కడ మొదలుపెట్టాలి, తోటి బ్లాగర్లు ఎక్కడ దొరుకుతారు

బ్లాగు పెట్టాలని మనసులో పడ్డాక చాలామంది నెలల తరబడి ఒకే చోట ఆగిపోతారు. ఏ సేవ వాడాలి, బ్లాగరా, వర్డ్‌ప్రెస్సా, సబ్‌స్టాకా? సొంత డొమైన్ (మన పేరుతో వెబ్ చిరునామా) కొనాలా, అక్కర్లేదా? ఎవరిని అడిగినా తాము వాడేదే మంచిదంటారు. ఇంగ్లీషులో దొరికే సలహాలేమో ప్రకటనల ఆదాయం, సెర్చ్ ర్యాంకుల చుట్టూనే తిరుగుతాయి. చిన్ననాటి ఊరి కబుర్లో, కథలో, వంటలో, చదివిన పుస్తకాల సంగతులో తెలుగులో రాసుకుందామనుకునేవాళ్లకి ఆ లెక్కలు పెద్దగా పనికిరావు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త తెలుగు బ్లాగుకి గూగుల్ వెతుకులాట నుంచి వచ్చేవాళ్లు తక్కువ. మొదట వచ్చేది ఇంకో తెలుగు బ్లాగు రాసేవాళ్లే, లేదా ఆ బ్లాగులో మీ పేరు చూసి నొక్కినవాళ్లు. అందుకని ఎక్కడ రాయాలో తేల్చుకునేటప్పుడు తోటి బ్లాగర్లు నా టపా (బ్లాగు పోస్టు) దాకా ఎలా వస్తారు, నేను వాళ్ల దాకా ఎలా వెళ్తాను అన్న ప్రశ్నకే మొదటి పీట వెయ్యాలి. టెంప్లేటు అందం, ఆదాయం ఆ తర్వాతి సంగతులు.

## ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది కామెంటు. చదివినవాళ్లు రెండు మాటలు రాయాలంటే ఎన్ని నొక్కులు నొక్కాలి? కొత్తగా ఖాతా తెరవాలా? ఫోన్‌లో పనిచేస్తుందా? తెలుగు బ్లాగుల్లో స్నేహాలన్నీ కామెంట్ల పెట్టెలోనే పుట్టాయి. అక్కడ ఇబ్బంది పెడితే వచ్చినవాళ్లు చదివి ఊరుకుంటారు, మీకు ఎవరొచ్చారో కూడా తెలియదు.

రెండోది తెలుగు లిపి. ఇప్పుడు ఏ వేదిక మీదైనా తెలుగు కనిపిస్తుంది, ఆ బెంగ లేదు. కానీ ఎలా కనిపిస్తుందన్నది వేరే విషయం. వత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయా, ఖతి (ఫాంటు) మార్చుకునే వీలుందా, టపా చిరునామా మనిషి చదవగలిగేలా ఉందా అన్నవి చూసుకోవాలి.

మూడోది గుమ్మం. రాసినదంతా ఒక ఫైలుగా దించుకుని ఇంకో చోటికి పట్టుకుపోగలరా? యాహూ 360 అనే బ్లాగు సేవ 2009లో మూతపడింది. అలాంటివే మల్టిప్లై, పోస్టరస్ 2013కల్లా పోయాయి. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. వాటిలో రాసుకుని దాచుకోనివాళ్ల రాతలు వాటితోపాటే పోయాయి. ఏ సంస్థ ఎంత పెద్దదైనా ఈ భయం తీరేది కాదు, కాబట్టి గుమ్మం లేని ఇంట్లోకి వెళ్లకండి.

నాలుగోది ఖర్చు, పోషణ. డబ్బొక్కటే కాదు, టైము కూడా. ప్రతి నెలా అప్‌డేట్లు చూసుకునే ఓపిక మీకుందా లేదా అన్నది నిజాయితీగా చెప్పుకోండి.

| | కామెంట్ల సులువు | తెలుగు రూపు | బయటికి తీసుకుపోవడం | ఖర్చు |
|---|---|---|---|---|
| బ్లాగర్ | అమరిక సరిచేస్తే సులువు | నచ్చిన ఖతి పెట్టుకోవచ్చు | మొత్తం దించుకోవచ్చు | ఉచితం |
| వర్డ్‌ప్రెస్.కామ్ ఉచిత ప్లాను | సులువు | థీము ఇచ్చినంత వరకే | మొత్తం దించుకోవచ్చు | ఉచితం, ప్రకటనలు వస్తాయి |
| సొంత హోస్టింగులో వర్డ్‌ప్రెస్ | మీ ఇష్టం | పూర్తిగా మీ చేతిలో | అంతా మీదే | డొమైన్, హోస్టింగు (సైటుని నిలిపి ఉంచే సర్వరు అద్దె) |
| సబ్‌స్టాక్ | ఖాతా కావాలి | మార్చుకునే వీలు తక్కువ | టపాలు, ఈమెయిల్ చిట్టా రెండూ | ఉచితం |
| మీడియం | ఖాతా కావాలి | మార్చలేం | దించుకోవచ్చు | రాయడం ఉచితం |
| ఫేస్‌బుక్ | చాలా సులువు | మార్చలేం | దొరుకుతుంది గానీ చిక్కు పని | ఉచితం |

## బ్లాగర్

1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ మొదలుపెట్టింది, 2003లో గూగుల్ కొనుక్కుంది. తెలుగు బ్లాగుల్లో పెద్ద భాగం ఈ బ్లాగ్‌స్పాట్ చిరునామాల మీదే పెరిగాయి. గూగుల్ దీన్ని పెద్దగా పట్టించుకోవడం మానేసి చాలా ఏళ్లయింది, కొత్త సదుపాయాలంటూ ఏమీ రావు. అయినా కొత్తవాళ్లలో ఎక్కువమందికి నేను దీన్నే చెబుతాను. జీమెయిల్ ఉంటే చాలు, పది నిమిషాల్లో బ్లాగు సిద్ధం. మీకు ఇష్టం లేకపోతే ప్రకటనలు రావు. డొమైన్ కొనుక్కుంటే దానికి తగిలించుకోవడానికి బ్లాగర్ ఒక్క రూపాయి అడగదు. పాత బ్లాగ్‌స్పాట్ చిరునామా నొక్కినవాళ్లని అదే కొత్త డొమైన్‌కి పంపిస్తుంది.

తోటి బ్లాగర్ల విషయంలో దీనికున్న బలం బ్లాగ్ లిస్టు అనే గాడ్జెట్. మీకు నచ్చిన బ్లాగుల చిరునామాలు అందులో చేరిస్తే, ఎవరు కొత్త టపా వేసినా ఆ శీర్షిక మీ బ్లాగు పక్కన పైకి వస్తుంది. మీ బ్లాగుకి వచ్చినవాళ్లు అటు వెళతారు, అవతలివాళ్లు కూడా అదే పని చేస్తే అక్కడివాళ్లు ఇటు వస్తారు. ఇంత చిన్న అమరికకి ఇంత ఫలితం ఇంకెక్కడా చూడలేదు. బ్లాగు పెట్టిన రోజే దీన్ని తగిలించి కనీసం పది బ్లాగులు చేర్చండి.

బ్లాగర్‌లో తెలుగువాళ్లు సరిచేసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

టపా శీర్షిక తెలుగులో ఉంటే, చిరునామా తయారుచేసేటప్పుడు బ్లాగర్ తెలుగు అక్షరాలన్నిటినీ వదిలేస్తుంది. మిగిలేది "బ్లాగ్-పోస్ట్" అన్న మాట, దాని పక్కన ఒక అంకె. వంద టపాలయ్యాక ఏది ఏదో చిరునామా చూసి గుర్తుపట్టలేరు. ప్రచురించే ముందు కుడిపక్క అమరికల్లో పర్మాలింకు (టపా చిరునామా) దగ్గర కస్టమ్ ఎంచుకుని, శీర్షికని ఇంగ్లీషు లిపిలో చిన్నగా రాయండి. "దోసావకాయ" అన్న టపాకి ఆ మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తే చాలు. ప్రచురించాక మార్చాలంటే టపాని మళ్లీ డ్రాఫ్టులోకి తేవాలి, అప్పటికే ఎవరైనా లంకె ఇచ్చి ఉంటే అది తెగిపోతుంది.

ఇక కామెంట్లు. "వర్డ్ వెరిఫికేషన్ తీసేయండి" అన్నది పాత బ్లాగర్లు కొత్తవాళ్లకి పెట్టే మొదటి కామెంటు. ఇప్పటికీ అది సరైన మాటే. వంకర అక్షరాలు చదివి టైపు చెయ్యమంటే, ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఏరమంటే ఎవరికీ ఓపిక ఉండదు. ఎవరు కామెంటు పెట్టవచ్చన్న చోట అజ్ఞాతలతో సహా అందరూ అని ఉంచండి. పిచ్చి రాతల భయం ఉంటే మోడరేషన్ (మీరు చూసి ఒప్పుకున్నాకే కామెంటు కనిపించే పద్ధతి) పెట్టుకోండి, అదీ పాత టపాలకే వర్తించేలా పెట్టుకోవచ్చు. ఇంకో చిన్న కిటుకు ఉంది. కామెంట్ల పెట్టెని టపా కిందే అతికించి ఉంచితే, థర్డ్ పార్టీ కుకీలను (ఒక సైటు లోపల ఇంకో సైటు మిమ్మల్ని గుర్తుపట్టడానికి దాచే చిన్న ఫైళ్లను) ఆపేసే బ్రౌజర్లలో, ముఖ్యంగా ఐఫోన్లలో, గూగుల్‌లో లాగిన్ అయి ఉన్నవాళ్లు కూడా తమ పేరుతో రాయలేకపోతుంటారు. కామెంటు స్థానాన్ని పూర్తి పేజీ అనో, పాపప్ కిటికీ అనో మార్చితే ఈ గొడవ పోతుంది. మీ బ్లాగుకి కామెంట్లు రావడం లేదని దిగులుపడే ముందు వేరేవాళ్ల ఫోన్ తీసుకుని ఒక కామెంటు పెట్టి చూడండి.

ఖతి సంగతి. గూగుల్ ఫాంట్లలో మండలి, రామభద్ర, సురన్న, గురజాడ, నోటో సెరిఫ్ తెలుగు లాంటివి ఎన్నో ఉచితంగా ఉన్నాయి. శీర్షికకి రామభద్ర నిండుగా ఉంటుంది గానీ, పొడుగాటి టపా అంతా అందులో పెడితే కళ్లు లాగుతాయి. చదివే పాఠానికి మండలి గానీ నోటో గానీ హాయిగా ఉంటుంది. వరుసల మధ్య ఎడం మాత్రం ఇంగ్లీషుకి ఉండేదానికంటే ఎక్కువ పెట్టాలి. అక్షరం ఎత్తుకి 1.7 రెట్లు, 1.8 రెట్లు ఉంటే కింది వత్తులూ పై గుడులూ ఒకదాన్నొకటి ఒరుసుకోవు.

ఒక జాగ్రత్త. రెండేళ్లపాటు అసలు వాడని గూగుల్ ఖాతాని తొలగించే హక్కు గూగుల్ తన దగ్గర ఉంచుకుంది. బ్లాగు కోసం వేరే జీమెయిల్ తెరిచినవాళ్లు అప్పుడప్పుడూ అందులోకి వెళ్లి రావాలి. ఖాతా వాడకం ఆగిపోతే మీ తర్వాత అందులోని సమాచారం ఎవరికి అందాలో ముందే రాసిపెట్టే సదుపాయం కూడా గూగుల్‌లో ఉంది. పెద్దవయసులో బ్లాగు మొదలుపెట్టేవాళ్లు పిల్లల పేరో మనవల పేరో అక్కడ ఇవ్వడం మంచిది.

## వర్డ్‌ప్రెస్: రెండు రకాలు, ఒకటే పేరు

ఇక్కడే కొత్తవాళ్లు తికమకపడతారు. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ 2003లో వచ్చింది. అది ఎవరైనా దించుకుని తమ హోస్టింగులో పెట్టుకోవచ్చు. అదే సాఫ్ట్‌వేర్‌తో మీ తరఫున బ్లాగు నడిపిపెట్టే సేవ వర్డ్‌ప్రెస్.కామ్, 2005లో మొదలైంది. ఒకదాని గురించి చదివి ఇంకోదాంట్లో వెతికితే ఏమీ దొరకదు.

వర్డ్‌ప్రెస్.కామ్ ఉచిత ప్లానులో రాసుకునే పద్ధతి బ్లాగర్ కంటే చాలా ముచ్చటగా ఉంటుంది. ఫోన్ ఆప్ బాగా పనిచేస్తుంది. కంప్యూటర్ లేకుండా పూర్తిగా ఫోన్ మీదే రాసేవాళ్లు దీన్నే తీసుకోవాలని నా సలహా. ఇందులో రీడర్ అని ఒక విభాగం ఉంది. మీరు అనుసరించే బ్లాగుల కొత్త టపాలన్నీ అక్కడ వరుసగా వస్తాయి, అక్కడే మెచ్చుకోవచ్చు, కామెంటు పెట్టవచ్చు. "తెలుగు" అన్న ట్యాగుని అనుసరిస్తే మీకు తెలియని తెలుగు బ్లాగులు కూడా ఎదురవుతాయి. మీ టపాలకి ఆ ట్యాగు తగిలించడం మర్చిపోకండి.

కష్టాలూ ఉన్నాయి. ఉచిత ప్లానులో వర్డ్‌ప్రెస్ వాళ్ల ప్రకటనలు వస్తాయి, అవి ఏవి రావాలో మీ చేతిలో ఉండదు. అందులో ప్లగిన్లు (అదనపు సదుపాయాలిచ్చే చిన్న ప్రోగ్రాములు) పెట్టుకోలేరు. ఫోటోలకిచ్చే జాగా ఒక జీబీ మాత్రమే. ఫోన్‌లో తీసిన వంట ఫోటోలని తగ్గించకుండా ఎక్కించేవాళ్లకి అది ఏడాది తిరక్కుండానే నిండిపోతుంది. సొంత డొమైన్ తగిలించాలంటే డబ్బు కట్టాల్సిందే.

తెలుగు చిరునామా విషయంలో వర్డ్‌ప్రెస్ బ్లాగర్‌కి పూర్తిగా తిరగబడి ఉంటుంది. శీర్షికలోని తెలుగుని అది వదలదు, అక్షరం అక్షరం చిరునామాలో పెడుతుంది. చూడటానికి బాగుంటుంది కానీ, దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే తరచూ పర్సెంటు గుర్తులూ అంకెలూ కలిసిన తోరణం ఒకటి వస్తుంది. తెలుగు గుర్తు ఒక్కోటీ అందులో తొమ్మిది అక్షరాలవుతుంది. "తెలుగు" అన్న మూడక్షరాల మాటలో గుణింతాలతో కలిపి ఆరు గుర్తులు, అంటే చిరునామాలో 54 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ ఈ భాగానికి ఇచ్చే చోటు 200 అక్షరాలే కాబట్టి పొడుగు శీర్షికలు మధ్యలో తెగిపోతాయి. కనుక ఇక్కడ కూడా చిరునామాని ఇంగ్లీషు లిపిలో మీరే రాసుకోండి.

సొంత హోస్టింగు గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది కావలసినవాళ్లకి తమకిది కావాలని తెలిసే ఉంటుంది. డొమైన్‌కి ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు, హోస్టింగుకి రెండు మూడు వేలు మొదలు ఎంతైనా. మొదటి ఏడు తగ్గింపు ధర చూసి కొనేస్తారు, రెండో ఏడు రెన్యువల్ రేటు చూశాక గుండె గుభేలుమంటుంది. కొనేముందే రెన్యువల్ ధర అడగండి. అప్‌డేట్లు, బ్యాకప్పు, స్పాము మీ బాధ్యతే. కట్టడం మానేసిన నాడు సైటు ఉండదు. ఎంతో బాగా రాసినవాళ్ల సొంత డొమైన్లు ఇవాళ తెరుచుకోవు, అదే కాలం నాటి బ్లాగ్‌స్పాట్ బ్లాగులు మాత్రం యజమాని రాయడం ఆపేసిన ఎన్నో ఏళ్లకి కూడా అలాగే ఉన్నాయి. నలుగురు కలిసి పత్రికలా నడుపుదామనుకుంటే, ఖర్చు పంచుకునేవాళ్లుంటే ఇది సరైన దారి. ఒక్కరే జ్ఞాపకాలు రాసుకోవడానికి ఇంత బరువు అక్కర్లేదు.

## సబ్‌స్టాక్

2017లో వచ్చింది. టపా రాస్తే అది బ్లాగులా వెబ్‌లో ఉంటుంది, అలాగే చందాదారుల ఈమెయిల్‌కి వెళుతుంది. అమెరికాలోనో యూరప్‌లోనో ఉండి, చదివేవాళ్లలో ఉద్యోగాల్లో ఉన్న ప్రవాసులు ఎక్కువగా ఉంటారనుకునేవాళ్లకి ఇది బాగా నప్పుతుంది. వాళ్లు రోజూ ఈమెయిల్ చూస్తారు. మన ఊళ్లలో చదివే పెద్దవాళ్లకి ఈమెయిల్ అంటే ఓటీపీలు, బ్యాంకు కబుర్లు వచ్చే చోటు. వాళ్లకి వాట్సాప్ లంకె పంపితేనే చదువుతారు.

దీని గుణం ఒకటి నాకు చాలా నచ్చుతుంది. చందాదారుల ఈమెయిల్ చిట్టా మీది, దించుకుని ఇంకో సేవకి మారిపోవచ్చు. ఫేస్‌బుక్‌లో ఐదు వేలమంది స్నేహితులున్నా ఆ సౌకర్యం లేదు. తోటి రచయితల్ని కలిపే పద్ధతి కూడా ఉంది. మీరు ఇంకో రచయితని సిఫారసు చేస్తే, మీ దగ్గర చందాదారుగా చేరినవాళ్లకి వెంటనే ఆ రచయిత పేరు చూపిస్తుంది. నలుగురైదుగురు తెలుగు రచయితలు ఒకరినొకరు ఇలా సిఫారసు చేసుకుంటే అందరికీ పాఠకులు పెరుగుతారు.

పొడుగ్గా రాసేవాళ్లకో హెచ్చరిక. జీమెయిల్ 102 కేబీ దాటిన ఉత్తరాన్ని మధ్యలో కత్తిరించి, మిగతాది చూడటానికి ఇంకో లంకె ఇస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు బైట్లు కావాలి. కాబట్టి ఇంగ్లీషులో పెద్ద వ్యాసం పూర్తిగా వెళ్లే చోట అంతే పొడుగు తెలుగు వ్యాసం తెగిపోవచ్చు. పెద్ద కథలు రెండు భాగాలుగా పంపడం మేలు.

డబ్బు చందాల మీద సబ్‌స్టాక్ పది శాతం తీసుకుంటుంది, ఆ చెల్లింపులు స్ట్రైప్ అనే చెల్లింపుల సేవ ద్వారానే జరుగుతాయి. ఇండియాలో ఉండి డబ్బు చందాలు పెడదామనుకునేవాళ్లు ముందు స్ట్రైప్ ఖాతా తమకి దొరుకుతుందో లేదో చూసుకుని అప్పుడు దిగాలి.

## మీడియం, ఫేస్‌బుక్, ప్రతిలిపి

మీడియం గురించి ఎక్కువ చెప్పను. 2012లో, బ్లాగర్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన ఇవాన్ విలియమ్స్ దీన్ని తెచ్చారు. సాంకేతిక విషయాలు ఇంగ్లీషులో రాసేవాళ్లకి మంచి చోటు. తెలుగు పాఠకులు అక్కడ తిరగరు, ఖతి మార్చలేరు. తెలుగు బ్లాగుకి దీన్ని ఎంచుకోవడానికి నాకైతే కారణం కనబడదు.

ఫేస్‌బుక్ వేరే కథ. తెలుగులో రాసేవాళ్లు, చదివేవాళ్లు ఇవాళ ఎక్కువగా ఉన్నది అక్కడే. బ్లాగులో టపాకి రెండు కామెంట్లొచ్చే చోట అక్కడ పోస్టుకి యాభై వస్తాయి. అది కాదనలేం. కానీ మూడు నెలల కింద మీరే రాసిన పోస్టు మీకే దొరకదు. కొత్తగా మీ రాతలు ఇష్టపడినవాళ్లు మొదటి నుంచీ వరుసగా చదువుదామంటే దారి లేదు. "బాగా రాశారండీ, పాతవి ఎక్కడున్నాయి?" అని ఒకరు అడిగిన రోజు బ్లాగు విలువ తెలుస్తుంది. నా మాట ఏమిటంటే టపా బ్లాగులో ఉండాలి, ఊరేగింపు ఫేస్‌బుక్‌లో జరగాలి. మొదటి రెండు పేరాలు అక్కడ పెట్టి, మిగతాదానికి లంకె ఇవ్వండి.

ప్రతిలిపి 2014లో బెంగళూరు నుంచి మొదలైన కథల ఆప్. తెలుగులో సీరియళ్లు, కథలు రాసేవాళ్లకి అక్కడ పాఠకులు సిద్ధంగా ఉంటారు, సమీక్షలు రాస్తారు. సీరియల్ రాసే ఉద్దేశం ఉంటే అక్కడికే వెళ్లండి. వ్యాసాలు, జ్ఞాపకాలు, సాంకేతిక విషయాలకి అది చోటు కాదు.

## తోటివాళ్లని కలవడం

ఇదివరకు ఈ పని సులువుగా ఉండేది. వీవెన్ అనే బ్లాగరు నడిపిన కూడలి, ఆ తర్వాత జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు తెలుగు బ్లాగులన్నిటి కొత్త టపాలనీ ఒక్క పేజీలో పోగేసేవి. టపా వేసిన కాసేపటికే శీర్షిక అక్కడ కనిపించేది, కామెంట్లు వచ్చేవి. హైదరాబాదులో నెలకోసారి బ్లాగర్లు పార్కులో కలుసుకునేవాళ్లు. ఈ-తెలుగు అనే సంస్థ వాళ్లు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి కంప్యూటర్‌లో తెలుగు టైపు చెయ్యడం నేర్పేవాళ్లు. డిసెంబరు రెండో ఆదివారాన్ని తెలుగు బ్లాగుల దినోత్సవంగా జరుపుకునేవాళ్లు. ఆ సంకలినులు చాలావరకు ఆగిపోయాయి, 2013లో గూగుల్ రీడర్ మూసెయ్యడంతో నచ్చిన బ్లాగుల కొత్త టపాలని ఒకే చోట చూపిస్తూ అందరూ కలిసి వాడే ఫీడ్ రీడరూ పోయింది. ఇప్పుడు ఎవరి ఇరుగుపొరుగుని వాళ్లే కట్టుకోవాలి. దారులు నాలుగున్నాయి, అన్నీ ఒకలాంటివి కావు.

కామెంట్లు. నిదానంగా పనిచేస్తాయి, కానీ ఎక్కువకాలం నిలిచే స్నేహాలు వీటివల్లే వస్తాయి. "బాగుందండీ, నా బ్లాగు కూడా చూడండి" అని రాస్తే ఎవరూ రారు. ఒక వంట టపా కింద రెండు రకాల కామెంట్లు ఊహించండి. ఒకటి: "సూపర్ రెసిపీ." రెండోది: "మా ఇంట్లో దోసావకాయకి ముక్కలు గింజలతోనే వేస్తారండీ. మీరు గింజ తీసేస్తే ముక్క మెత్తబడదా? ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?" రెండోదానికి జవాబు రాక తప్పదు. జవాబు రాసినావిడ మీ పేరు మీద నొక్కి మీ బ్లాగు చూడకా తప్పదు. అందుకే పేరు పక్కన బ్లాగు చిరునామా ఇవ్వగలిగిన చోట తప్పకుండా ఇవ్వండి, కామెంటు లోపల మాత్రం లంకె అతికించకండి. మీకొచ్చిన ప్రతి కామెంటుకీ జవాబివ్వండి, ఆలస్యమైనా సరే.

ఫీడ్ రీడరు. దీన్ని తెలుగువాళ్లు తగినంతగా వాడటం లేదని నాకు బాధ. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివాటిలో ఉచిత ఖాతా తెరిచి, నచ్చిన బ్లాగు చిరునామా ఇస్తే చాలు. బ్లాగర్, వర్డ్‌ప్రెస్, సబ్‌స్టాక్, మీడియం అన్నీ ఫీడ్ (కొత్త టపాలని రీడరుకి అందించే ఫైలు) ఇస్తాయి. ఏడాదికి రెండు టపాలు రాసేవాళ్ల టపా కూడా తప్పిపోదు. ఎవరు ఏ వేదిక మీద రాస్తున్నారన్న తేడా ఇక్కడ చెరిగిపోతుంది కాబట్టి, వేదిక ఎంపికలో పడిన సగం ఆందోళన దీనితో తగ్గుతుంది. మీ బ్లాగు ఫీడ్‌ని మాత్రం పూర్తి టపా వచ్చేలా ఉంచండి. మొదటి నాలుగు వాక్యాలే ఇచ్చి మిగతాది బ్లాగుకొచ్చి చదవమంటే చాలామంది రారు.

లంకె ఇచ్చి రాయడం. వేరేవాళ్ల టపా చదివి మీకో ఆలోచన వస్తే, దాన్ని కామెంటులో ముగించకుండా మీ బ్లాగులో టపాగా రాసి వాళ్లకి లంకె ఇవ్వండి. ఆ తర్వాత వాళ్ల టపా కింద ఒక్క వాక్యంలో చెప్పండి. ఒకరి టపాకి ఇంకొకరి టపా జవాబుగా వచ్చిన సందర్భాల్లోనే తెలుగు బ్లాగుల్లో మంచి చర్చలు నడిచాయి.

ఉమ్మడి వేదికలు. పుస్తకాల మీద రాసేవాళ్లకి 2009 నుంచి ఉన్న పుస్తకం.నెట్ లాంటి చోట్లున్నాయి. ఎందరో రాసిన పరిచయాలు ఒకే చోట ఉంటాయి. అక్కడ ఒక్క వ్యాసం వస్తే మీ సొంత బ్లాగులో పది టపాలు వేసినా దొరకని పాఠకులు దొరుకుతారు. 1998 నుంచి నడుస్తున్న ఈమాట లాంటి పత్రికలకి కథలు, వ్యాసాలు పంపవచ్చు. అక్కడ సంపాదకుల పరిశీలన ఉంటుంది, వెంటనే అచ్చవదు, ఓపిక కావాలి. విషయం ఏదైనా మీలాంటివాళ్లు ఎక్కడ రాస్తున్నారో చూసి అక్కడికి వెళ్లండి.

వాట్సాప్ గ్రూపుల్లో లంకెలు పంచడం గురించి అడుగుతారు. కొద్దిమంది మిత్రుల గ్రూపైతే పంపండి. వందలమంది ఉన్న గ్రూపులో రోజూ లంకె వేస్తే చదివేవాళ్లు కూడా మ్యూట్ చేసేస్తారు.

## ఎవరికి ఏది

రిటైరై జ్ఞాపకాలు రాద్దామనుకునేవాళ్లకి బ్లాగర్. మొదటిసారి అమరికలు ఎవరైనా పక్కన కూర్చుని చేసిపెడితే తర్వాత అన్నీ మీరే చేసుకోగలరు. టైపింగు భయం ఉంటే ఫోన్‌లో జీబోర్డు కీబోర్డు, కంప్యూటర్‌లో లేఖిని అనే సైటు చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది.

వంటల బ్లాగుకి ఫోటోలు ప్రాణం కాబట్టి ఒక జీబీ హద్దున్న వర్డ్‌ప్రెస్.కామ్ ఉచిత ప్లాను వద్దు. బ్లాగర్‌తో మొదలుపెట్టండి. ప్రకటనల ఆదాయం ఆశ ఉంటే గూగుల్ వాళ్ల ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు పేజీలని ఒప్పుకుంటోంది, కానీ బోలెడంతమంది వస్తేనే చెప్పుకోదగ్గ డబ్బు. మొదటి ఏడాది దాని గురించి ఆలోచించకపోవడమే మంచిది, ప్రకటనలతో నిండిన కొత్త బ్లాగులో ఎవరూ రెండోసారి అడుగు పెట్టరు.

కాలేజీలో ఉండి ఫోన్ మీదే రాసేవాళ్లకి వర్డ్‌ప్రెస్.కామ్. విదేశాల్లో ఉండి నెలకో పెద్ద వ్యాసం రాసేవాళ్లకి సబ్‌స్టాక్. ప్రోగ్రామింగు వచ్చినవాళ్లు హ్యూగోతోనో జెకిల్‌తోనో చేసి గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. ఖతి, పేజీ రూపు అంతా మీ ఇష్టం, కానీ కామెంట్లకి వేరే ఏర్పాటు చేసుకోవాలి. అది చెయ్యకపోతే గోడకి చెప్పుకున్నట్టే ఉంటుంది.

ఇంకా తేల్చుకోలేకపోతున్నారంటే బ్లాగర్‌లో మొదలుపెట్టి, పాతిక టపాలు రాశాక సొంత డొమైన్ కొని దానికే తగిలించండి. తర్వాత వర్డ్‌ప్రెస్‌కి మారాలనిపించినా ఆ డొమైన్ మీ వెంటే వస్తుంది. బ్లాగర్ టపా చిరునామాలో సంవత్సరం, నెల, టపా పేరు ఉంటాయి. సొంత హోస్టింగు వర్డ్‌ప్రెస్‌లో పర్మాలింకు అమరికని సరిగ్గా అదే రూపంలో పెట్టుకుంటే పాత లంకెలు తెగవు. ఏ దారిలో ఉన్నా మూడు నెలలకోసారి మొత్తం బ్లాగుని దించుకుని దాచుకోండి.

ఫేస్‌బుక్‌లో ఏళ్ల తరబడి రాసి ఇప్పుడు బ్లాగులోకి వద్దామనుకునేవాళ్లు ముందు అమరికల్లోకి వెళ్లి మీ సమాచారం దించుకోవడమనే చోట పోస్టులు మాత్రమే ఎంచుకోండి. ఏ రూపంలో కావాలని అడిగినప్పుడు జేసన్ వద్దు, అందులో తెలుగు అక్షరాలన్నీ చెదిరిపోయిన గుర్తుల్లా వస్తాయి. హెచ్‌టీఎంఎల్ తీసుకుంటే బ్రౌజర్‌లో తెరిచి తెలుగులోనే చదువుకోవచ్చు. అన్నీ ఎక్కించకుండా ఏరుకోండి. బ్లాగర్‌లో టపా ప్రచురణ తేదీని వెనక్కి పెట్టుకోవచ్చు కాబట్టి, 2016లో రాసినదాన్ని 2016 కిందే ఉంచితే కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నుంచి వరుసగా చదువుకోగలుగుతారు.